వయొలిన్, హార్ప్, ఒక గుర్రబ్బండి

వయొలిన్ మనకు కొత్తది కాదు. కర్ణాటక కచేరీలో గాయకుడి పక్కన ఉంటుంది, పెళ్లి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయిస్తుంది, మన పిల్లల్లో కొంతమంది శనివారం సాయంత్రాలు భుజాన వేసుకుని క్లాసుకు వెళ్తుంటారు కూడా. హార్ప్ మాత్రం మనలో చాలామంది బొమ్మల్లోనే చూసి ఉంటాం. మనిషంత ఎత్తు చట్రం, నలభై దాకా తీగలు, రెండు చేతుల వేళ్లతో మీటాలి, కింద రెండు కాళ్లతో పెడల్స్ తొక్కాలి. ఈ రెండు వాద్యాలూ కలిసి వాయిస్తే ఎలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? 200 ఏళ్ల కిందట జర్మనీలో ఒక భార్యాభర్తలు ఆ పనే చేశారు. ఊరూరా తిరిగి, రాజుల ముందూ మామూలు జనం ముందూ వాయించారు. భర్త పేరు లూయీ ష్పోర్. భార్య పేరు డోరెట్.

తన కాలంలో ష్పోర్ పేరు యూరప్ అంతా తెలుసు. ఇప్పుడు సంగీతం చదువుకున్నవాళ్లకే తెలుసు. ఈ నెల ఆయన గురించి రాద్దామనుకుని మొదలుపెట్టాను. రాస్తున్నకొద్దీ సగం కథ డోరెట్‌దే అయింది. మీరు చదివితే ఎందుకో మీకే అర్థమవుతుంది.

లూయీ 1784 ఏప్రిల్ 5న బ్రౌన్‌ష్వైక్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి డాక్టర్, ఫ్లూట్ వాయించేవాడు. తల్లి పాడేది, పియానో వాయించేది. తర్వాత వాళ్లు జేసెన్ అనే చిన్న ఊరికి మారారు. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చాక అక్కడినుంచి పారిపోయి వచ్చిన ద్యూఫోర్ అనే పెద్దమనిషి ఆ ఊళ్లో ఉండేవాడు. పిల్లవాడి వయొలిన్ విని, వీణ్ని సంగీతంలోనే పెట్టమని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పింది ఆయనే. తాతగారు చర్చి పాస్టర్, ఆయనకు ఇది అస్సలు నచ్చలేదు. సంగీతం వాయించి బతకడమంటే ఆ రోజుల్లో పెద్దవాళ్లకు సత్రాల్లో డాన్సులకు ఫిడేలు వాయించడం కిందే లెక్క. ఇంజినీరింగ్ వదిలేసి మ్యూజిక్‌లో చేరతానని మన పిల్లాడు అంటే మన ఇళ్లలో తాతగారు ఏమంటారో మీకు తెలియంది కాదు.

తండ్రి మాత్రం ఒప్పుకున్నాడు. పిల్లవాణ్ని చదువుకు బ్రౌన్‌ష్వైక్ పంపించారు. తేనె కేకులు చేసే ఒక బేకర్ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. 1799లో, పదిహేనేళ్లు నిండగానే, తండ్రి అతన్ని ఒంటరిగా హాంబర్గ్ పంపించాడు. జేబులో కొద్దిపాటి డబ్బు, చేతిలో కొన్ని పరిచయ ఉత్తరాలు. అక్కడ కచేరీలు చేసి సంపాదించుకోవాలని ఆలోచన. ఇది ధైర్యమో, మొండితనమో నేను చెప్పలేను. అక్కడికి వెళ్లేసరికి వేసవి. డబ్బున్నవాళ్లంతా ఊరు వదిలి పల్లె బంగళాలకు వెళ్లిపోయారు. పైగా కచేరీ పెట్టాలంటే ముందు చేతి డబ్బు పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. చేతిలో ఉన్నది అయిపోతోంది. ఇంటికి వెళ్లి తండ్రి ముందు నిలబడాలంటే సిగ్గు. సామాను బండి మీద పంపించేసి, కాలినడకన బ్రౌన్‌ష్వైక్ దారి పట్టాడు.

దారి పొడవునా ఒకటే ఆలోచన. ఊళ్లో డ్యూక్ ఉన్నాడు, కార్ల్ విల్‌హెల్మ్ ఫెర్డినాండ్. చిన్నప్పుడు ఆయన కూడా వయొలిన్ వాయించాడట. ఆయనకే అర్జీ ఇస్తే? అర్జీ రాసుకుని, ప్యాలెస్ తోటలో డ్యూక్ నడుస్తుంటే ఎదురుగా వెళ్లి చేతికిచ్చాడు. డ్యూక్ అతని వయొలిన్ విని, ఆస్థానంలో ఉద్యోగం ఇచ్చాడు. జీతం ఏడాదికి 100 థాలర్లు. పదిహేనేళ్ల పిల్లవాడికి అప్పటినుంచి ఇంటినుంచి డబ్బు అక్కర్లేకపోయింది.

ఆస్థానమంటే గొప్పగా ఊహించుకోకండి. డచెస్‌గారి దగ్గర కచేరీ జరుగుతున్నప్పుడు అక్కడున్నవాళ్లు పేకాట ఆడుకునేవాళ్లు. ఆటకు చప్పుడు అడ్డం రాకుండా వాద్యబృందం కింద దళసరి తివాచీ పరిపించేవారు. గట్టిగా వాయించకూడదని రూలు. ఒకసారి లూయీ తన కొత్త రచన వాయిస్తూ ఆ రూలు మరిచిపోయాడు. మధ్యలో ఒక సేవకుడు వచ్చి అతని చెయ్యి పట్టుకుని, అంత గట్టిగా గీకొద్దని అమ్మగారు చెప్పమన్నారని చెవిలో చెప్పి వెళ్లాడు. కుర్రాడు ఏం చేశాడంటే, ఇంకా గట్టిగా వాయించాడు. తర్వాత అధికారి పిలిచి చీవాట్లు పెట్టాడు. డ్యూక్‌కు తెలిసి నవ్వాడట. ఈ పేకాట సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డ్యూక్ అతని పై చదువు ఖర్చు కూడా పెట్టుకున్నాడు. ముందు వియొట్టి అనే మహా విద్వాంసుడి దగ్గరకు పంపాలనుకుంటే, ఆయన అప్పటికి వయొలిన్ పక్కన పెట్టి వైన్ వ్యాపారంలో దిగాడు. చివరికి ఫ్రాంజ్ ఎక్ అనే వయొలినిస్టు వెంట 1802లో లూయీ రష్యా దాకా వెళ్లాడు. ఇప్పటి గురువుల్లా వారానికి రెండు క్లాసులు కాదు. గురువు ఎక్కడికి కచేరీకి వెళ్తే శిష్యుడూ అక్కడికి, దారిలోనే పాఠం. మన గురుకుల పద్ధతికి చక్రాలు తగిలించినట్టు. అక్కడ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అతనికి ఒక గ్వార్నేరి వయొలిన్ బహుమతిగా దొరికింది. ఇటలీలో గ్వార్నేరి కుటుంబం చేసిన వయొలిన్లంటే ఇప్పుడు కోట్ల ధర పలుకుతాయి, అప్పుడూ అపురూపమే.

ఆ వయొలిన్ రెండేళ్లు కూడా నిలవలేదు. 1804లో పారిస్ వెళ్లాలని బయల్దేరాడు. వయొలిన్ ఉన్న పెట్టెను బండి వెనక కట్టారు. గోటింగెన్ ఊరి గేటు దగ్గర ఆగి చూస్తే పెట్టె లేదు. తాళ్లు కోసి ఎవరో ఎత్తుకుపోయారు. మర్నాడు పొలంలో ఖాళీ పెట్టె దొరికింది. దాని మూతలో కమాను మాత్రం అలాగే ఉంది, దొంగ చూసుకోలేదు. వయొలిన్ మళ్లీ దొరకలేదు. పారిస్ ప్రయాణం ఆగిపోయింది. డ్యూక్ సాయంతో ఇంకో వయొలిన్ కొనుక్కుని, అదే ఏడాది డిసెంబరులో లైప్‌జిగ్‌లో వాయించాడు. అక్కడి సంగీత పత్రికలో రోఖ్‌లిట్స్ అనే విమర్శకుడు రాసిన వ్యాసంతో ఇరవై ఏళ్ల ష్పోర్ పేరు జర్మనీ అంతటా పాకిపోయింది. 1805లో గోథా ఆస్థానం పిలిచి వాద్యబృందానికి నాయకుణ్ని చేసింది. వయసు 21.

గోథా ఆస్థానంలో సుసానె షైడ్లర్ అనే గాయని ఉండేది. ఆమె కూతురు డోరెట్, వయసు పద్దెనిమిది. బాఖోఫెన్ అనే గురువు దగ్గర హార్ప్ నేర్చుకుంది. పియానో బాగా వాయించేది, వయొలిన్ కూడా వాయించేది. ఆమె హార్ప్ విన్న రోజునుంచి ష్పోర్ ఆ ఇంటికి వెళ్లడానికి కారణాలు వెతుక్కున్నాడు. దొరికిన కారణం చాలా మంచిది: వయొలిన్‌కూ హార్ప్‌కూ కలిపి ఒక సొనాటా రాశాడు. రాసిన తర్వాత ప్రాక్టీస్ చెయ్యాలి కదా! రోజూ వెళ్లి ప్రాక్టీస్ చేశాడు. ఆ సొనాటా ఆస్థానంలో వాయించే రోజు వచ్చింది. ఆమెను తీసుకురావడానికి బండిలో వెళ్లాడు. మొదటిసారి ఇద్దరే ఉన్నారు, నోట మాట రాలేదు. కచేరీ బాగా జరిగింది. తిరిగి వస్తున్నప్పుడు ధైర్యం తెచ్చుకుని, జీవితాంతం ఇలాగే కలిసి వాయిద్దామా అని అడిగాడు. ఆమె ఏడ్చేసింది. 1806 ఫిబ్రవరి 2న పెళ్లి జరిగింది.

ఇక్కడ ఒక సంగతి దాటేసి వెళ్లలేను. పెళ్లయ్యాక డోరెట్ వయొలిన్ మానేసింది. మానెయ్యమని చెప్పింది ష్పోరే. ఆడవాళ్లు వయొలిన్ వాయించడం బాగుండదని ఆయన అభిప్రాయం. ఇది ఆయన తన ఆత్మకథలో ఏ తడబాటూ లేకుండా రాసుకున్నాడు. ఆ కాలంలో చాలామంది అలాగే అనుకునేవాళ్లు, నిజమే. అయినా, దేశంలోకెల్లా పేరున్న వయొలిన్ గురువు ఇంట్లో ఉండి, ఆయన భార్యే వయొలిన్ ముట్టుకోకపోవడం నాకు మింగుడుపడదు. మన క్లాసుల్లో ఇప్పుడు వయొలిన్ నేర్చుకుంటున్నవాళ్లలో ఆడపిల్లలు ఎంతమందో మీకు తెలుసు.

హార్ప్ విషయంలో మాత్రం ఆయన పెట్టిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. ఆ రోజుల హార్ప్ ఎలా పనిచేసేదో కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన తమాషా అర్థం కాదు. పియానోలో తెల్ల మెట్లూ నల్ల మెట్లూ రెండూ ఉంటాయి. హార్ప్‌లో తెల్ల మెట్లు మాత్రమే ఉన్నాయనుకోండి. స్వరాలు ఏడు, కింద పెడల్స్ ఏడు. ఒక పెడల్ తొక్కితే ఆ స్వరానికి చెందిన తీగలన్నీ, పై స్థాయిలోవీ కింది స్థాయిలోవీ, ఒక్కసారిగా అర స్వరం పెరుగుతాయి. అంతే, ఒక్క మెట్టే. అందుకని హార్ప్‌ను మామూలుగా ఈ ఫ్లాట్ శ్రుతిలో పెట్టుకునేవాళ్లు. ఫ్లాట్లు ఎక్కువున్న శ్రుతుల్లో అది హాయిగా పలుకుతుంది. వయొలిన్ సంగతి దానికి ఎదురు. దాని నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ. అందువల్ల డి లోనో జి లోనో వాయిస్తే విడి తీగలు కూడా తోడుగా మోగి, నాదం నిండుగా వస్తుంది. ఈ ఫ్లాట్‌లో ఆ మెరుపు ఉండదు. పెళ్లి జాతకాలు కలవనట్టే, ఒకరికి నప్పింది ఇంకొకరికి నప్పదు.

దీనికి తోడు తీగల గొడవ. హార్ప్ తీగలు జంతువుల పేగుతో చేసేవాళ్లు. హాలు వేడెక్కినా, గాలిలో తేమ పెరిగినా టప్పున తెగేవి. కచేరీ మధ్యలో తెగితే వాయించేవాళ్ల గతి ఏమిటి?

ష్పోర్ రెండింటికీ ఒకటే మందు కనిపెట్టాడు. హార్ప్ మొత్తాన్నీ వయొలిన్ కన్నా అర స్వరం కిందికి దించాడు. డోరెట్ ముందున్న కాగితంలో ఈ ఫ్లాట్ అని ఉంటుంది, ఆమె వేళ్లు అలవాటైన చోటే కదులుతాయి, కానీ వినపడేది డి. ష్పోర్ ముందున్న కాగితంలో డి అనే ఉంటుంది. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెడితే, ఇదేం జంట, ఇవి కలవవు కదా అనిపిస్తుంది. వింటే అద్భుతంగా కలుస్తాయి. తీగల బిగువు తగ్గింది కాబట్టి తెగడమూ తగ్గింది. లెక్కల టీచర్‌కు ఈ సంగతి చెబితే చాలా సంతోషించారు, ఒక సమస్యకు రాసిన జవాబు రెండో సమస్యకూ సరిపోవడం వాళ్లకు చాలా ఇష్టం.

1807లో పెద్దమ్మాయి ఎమిలీ పుట్టింది. ఆ శరదృతువులో పాపను అమ్మమ్మ దగ్గర వదిలి దంపతులు మొదటి పెద్ద టూర్‌కు బయల్దేరారు. దీనికోసం ష్పోర్ ప్రత్యేకంగా ఒక బండి చేయించాడు, హార్ప్ పెట్టె భద్రంగా పట్టేలా. గోటింగెన్ దొంగను ఆయన మరిచిపోయి ఉండడు. వైమర్‌లో వాయించినప్పుడు విన్నవాళ్లలో మహాకవి గోథే, రచయిత వీలాండ్ ఉన్నారు. వీలాండ్ మనసు పెట్టి విన్నాడు. గోథే మాత్రం పెద్దమనిషి తరహాలో నాలుగు మెచ్చుకోలు మాటలు అని ఊరుకున్నాడు. అక్కడినుంచి లైప్‌జిగ్, డ్రెస్డెన్, ప్రాగ్, మ్యూనిక్. మ్యూనిక్‌లో ఒక ముచ్చట జరిగింది. వేదిక మీద డోరెట్‌కు కుర్చీ వెయ్యడం మరిచిపోయారు. రాజు మాక్సిమిలియన్ అది చూసి, పైన కిరీటం చెక్కి ఉన్న తన బంగారు పూత కుర్చీని స్వయంగా తెచ్చి ఇవ్వబోయాడు. దానికి చేతులున్నాయి, మోచేతులు తగిలి హార్ప్ వాయించడం కుదరదని ష్పోర్ చెప్పాకగానీ ఆ రాజు మామూలు కుర్చీ వెయ్యనివ్వలేదు.

తర్వాత ష్టుట్‌గార్ట్ వెళ్లారు. అక్కడి రాజుగారి కచేరీల్లోనూ పేకాటే. ష్పోర్‌కు ఇప్పుడు పదిహేనేళ్లు కావు. మేమిద్దరం వాయిస్తున్నంతసేపూ ఆట ఆపితేనే వాయిస్తామని కబురు పెట్టాడు. ఆ మాట రాజుతో ఎలా చెప్పాలో తెలియక ఆస్థాన అధికారికి చెమటలు పట్టాయి. రాజు ఒప్పుకున్నాడు. కాకపోతే వాళ్ల వంతు వచ్చినప్పుడు పేకముక్కలు బల్ల మీద పెట్టేశారు, వాళ్ల వంతు అవగానే మళ్లీ తీశారు. రాజు చప్పట్లు కొడితేగానీ ఇంకెవరూ కొట్టకూడదు, ఆయన కొట్టలేదు. ఆ నిశ్శబ్దంలో, అటు భర్త వయొలిన్‌తో, ఇటు భార్య హార్ప్‌తో, తలవంచి నమస్కరించి దిగిపోయిన దృశ్యం ఊహించుకోండి. సంగీతమంటే భోజనాల వేళ వెనక మోగే చప్పుడు కాదు, కూర్చుని వినాల్సింది అనే మర్యాద ఊరికే రాలేదు. ఇలాంటివాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క ఊళ్లో పట్టుబట్టి తెచ్చుకున్నారు.

ష్పోర్ మరీ గంభీరమైన మనిషి అనుకుంటారేమో, ఒక్క పిట్టకథ చెప్పి ముందుకు వెళ్తాను. 1808 అక్టోబరులో ఎర్‌ఫుర్ట్‌లో నెపోలియన్, రష్యా చక్రవర్తి, జర్మన్ రాజులు అందరూ సమావేశమయ్యారు. వాళ్ల కోసం నాటకాలు. బయటివాళ్లకు టికెట్లు లేవు. ష్పోర్‌కు నెపోలియన్‌ను చూడాలని పట్టుదల. వాద్యబృందంలో చొరబడదామంటే వయొలిన్ వాళ్లు నిండా ఉన్నారు, ఒక హార్న్ స్థానం సర్దుకోవచ్చని తెలిసింది. ఆయన జన్మలో హార్న్ ఊదలేదు. ఆ రోజంతా కూర్చుని ఊది, సాయంత్రానికి అవసరమైనన్ని స్వరాలు పట్టేశాడు. తీరా వెళ్తే వాద్యగాళ్లు వెనక్కి తిరిగి దొరలవైపు చూడకూడదని ఆంక్ష. జేబులోంచి చిన్న అద్దం తీసి ముందు పెట్టుకుని అందులోంచి చూశాడు! వాచి నల్లబడిన పెదాలతో ఇంటికి వస్తే డోరెట్ కంగారు పడింది, విషయం విన్నాక పడీపడీ నవ్వింది.

1808లో రెండో అమ్మాయి ఇడా పుట్టింది. టూర్లు సాగాయి. ష్పోర్ సొనాటాల మీద సొనాటాలు రాశాడు. అన్నీ డోరెట్ వేళ్లకు ఏది నప్పుతుందో, ఏది నప్పదో తెలిసి రాసినవే. ఇద్దరికీ వెనక ఆర్కెస్ట్రాతో వాయించేవి కూడా రాశాడు. 1812 చివర వియన్నా చేరారు, అక్కడ ష్పోర్‌కు థియేటర్ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం దొరికింది. బెతోవెన్‌తో స్నేహమూ అక్కడే. 1813 డిసెంబరులో బెతోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు వయొలిన్లలో ష్పోర్ కూర్చున్నాడు. తర్వాత ఇటలీ ప్రయాణం, 1816లో మిలాన్‌లోని లా స్కాలాలో తన ఎనిమిదో కచేర్టో, ఆ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండేళ్లు. పేరు పెరుగుతూనే ఉంది.

డోరెట్ శరీరం మాత్రం అలిసిపోతూ వచ్చింది. హార్ప్ చూడ్డానికి నాజూకుగా ఉంటుందిగానీ వాయించడం మోటుపని. బిగువైన తీగల్ని వేలికొసలతో లాగాలి, ఆ పెట్టెను భుజానికి ఆనించుకుని గంటలు కూర్చోవాలి, కాళ్లు ఏడు పెడల్స్ మీద తిరుగుతూనే ఉండాలి. మధ్యలో కాన్పులు, కుదుపుల రోడ్ల మీద వారాల తరబడి ప్రయాణాలు, ప్రతి ఊళ్లో కొత్త హాలు, కొత్త జనం, మళ్లీ ఆ మొదటి రోజు భయం. భర్త అంత పర్ఫెక్ట్‌గా వాయిస్తుంటే తాను ఒక్క తప్పు కూడా చెయ్యకూడదన్న పట్టుదల ఆమెది. ఆమె నరాల బలం తగ్గిపోతోందని ష్పోర్ గమనించాడు.

1820లో లండన్ పిలుపు వచ్చింది. అక్కడ ఎరార్ అనే వాద్యాల కంపెనీ కొత్త రకం హార్ప్ తయారుచేసింది, 1810లో పేటెంట్ తీసుకుంది. ఇందులో ఒక్కో పెడల్‌కు ఒకటి కాదు, రెండు మెట్లు. దాంతో ఏ శ్రుతిలోనైనా వాయించవచ్చు. ఇప్పటి హార్ప్‌లన్నిటికీ అదే తల్లి. అలా చూస్తే ష్పోర్ వేసిన అర స్వరం ఎత్తు ఇక అక్కర్లేదు. డోరెట్ ఆ కొత్త హార్ప్ మీద సాధన మొదలుపెట్టింది. పాతదానికన్నా పెద్దది, తీగలు ఇంకా బిగువు, పెడల్స్ లెక్క కొత్తగా నేర్చుకోవాలి. చిన్నప్పటినుంచి అలవాటైన వేళ్లకూ కాళ్లకూ ముప్ఫై రెండేళ్ల వయసులో కొత్త పాఠం. ప్రాక్టీస్ చేసేకొద్దీ ఆరోగ్యం ఇంకా దెబ్బతింది. ష్పోర్ కూర్చోబెట్టి మాట్లాడాడు. ఈ వాద్యం వదిలెయ్యి, నీకు పియానో ఉంది, నీకోసం పియానోకు రాస్తాను అన్నది ఆయన మాటల సారాంశం.

ఒప్పుకోవడం ఆమెకు తేలిక కాలేదు. పద్నాలుగేళ్లుగా ఆ జంట అంటే వయొలిన్, హార్ప్ అనే అందరికీ తెలుసు. ఒక్కసారి, లండన్‌లో భర్త పెట్టుకున్న సొంత కచేరీలో వాయిస్తానంది. జూన్‌లో ఆ కచేరీ జరిగింది. ఆ రోజుల్లో లండన్ రాణి కరోలైన్ గొడవతో అట్టుడికిపోతోంది. రాజు ఆమెను వదిలించుకోవాలని చూస్తుంటే, జనం ఆమె పక్షాన వీధుల్లోకి వచ్చి, సంఘీభావంగా ప్రతి కిటికీలో దీపాలు పెట్టమని అరుస్తున్నారు. ష్పోర్ ఆత్మకథ ప్రకారం ఆ సాయంత్రం హాలు కిటికీల మీద కూడా రాళ్లు పడ్డాయి, దీపాలు వెలిగించాకగానీ గుంపు కదల్లేదు. ఇంగ్లీషు రాని ఆయనకు బయట ఏం జరుగుతోందో ముందు అర్థమే కాలేదు. అలాంటి సాయంత్రం డోరెట్ హార్ప్ వాయించింది, చప్పట్లు మారుమోగాయి. ఆ తర్వాత ఆమె మళ్లీ జనం ముందు హార్ప్ ముట్టుకోలేదు.

ష్పోర్ మాట నిలబెట్టుకున్నాడు. అదే ఏడాది పియానో, ఫ్లూట్, క్లారినెట్, హార్న్, బస్సూన్ వాద్యాలకు ఒక క్వింటెట్ రాశాడు. అందులో పియానో భాగం డోరెట్ కోసమే. అది చాలా కష్టమైన భాగమని ఈ రోజుకీ పియానిస్టులు అంటారు. ఆయన మంచి భర్తేనని నేను ఒప్పుకుంటాను. అయినా పెళ్లినాడు వయొలిన్, ఇప్పుడు హార్ప్, ఆమె చేతుల్లోంచి రెండు వాద్యాలు వెళ్లిపోయాయన్నది కూడా లెక్కలో ఉండాలి.

1822లో ష్పోర్‌కు కాసెల్ ఆస్థానంలో సంగీత దర్శకుడి పదవి వచ్చింది. తిరుగుళ్లు ఆగాయి, ఇల్లు ఒక చోట కుదిరింది. 1823లో ఆయన ఒపెరా యెస్సోండా ప్రదర్శించారు. ఈ కథ మన దేశంలో, గోవాలో జరుగుతుంది! చనిపోయిన రాజుగారి భార్య యెస్సోండాను సతీసహగమనానికి సిద్ధం చేస్తుంటారు. ఆ వార్త చెప్పడానికి వచ్చిన బ్రాహ్మణ యువకుడు ఆమె చెల్లెలి ప్రేమలో పడి, ఆమెను కాపాడటానికి పూనుకుంటాడు. ష్పోర్ ఇండియా ఎన్నడూ చూడలేదు, ఆ ఇండియా మనం గుర్తుపట్టే ఇండియా కూడా కాదు. కానీ సతిని బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్‌లో నిషేధించింది 1829లో. దానికి ఆరేళ్ల ముందే జర్మనీలో ఒక హాల్లో కూర్చున్నవాళ్లు ఆ ఆచారం నుంచి ఒక స్త్రీ తప్పించుకుంటే చప్పట్లు కొట్టారు.

సంగీతం నేర్పడంలో, నడపడంలో ఆయన చేసిన చిన్న చిన్న పనులు ఇప్పటికీ మన కళ్ల ముందే ఉన్నాయి. వయొలిన్ మీద గడ్డం ఆన్చుకునే చెక్క, చిన్ రెస్ట్, 1820 ప్రాంతంలో ఆయన తెచ్చిందే. నిలబడి వాయించేవాళ్లు ఎడమచేత్తో వయొలిన్‌ను మొయ్యాల్సిన అవసరం దాంతో తగ్గింది, వేళ్లకు స్వేచ్ఛ వచ్చింది. మన కర్ణాటక విద్వాంసులు కింద కూర్చుని వయొలిన్ తలను పాదం మీద ఆన్చి అదే సమస్యను ఇంకోలా తీర్చుకున్నారు. ఆర్కెస్ట్రా ముందు చిన్న కర్ర పట్టుకుని నడిపించడం అలవాటు చేసినవాళ్లలో ష్పోర్ ఒకడు. రిహార్సల్‌లో అందరూ ఒకే చోటునుంచి మొదలుపెట్టడానికి నొటేషన్ మీద ఎ, బి, సి అని అక్షరాలు వెయ్యడమూ ఆయన పద్ధతే. పిల్లలతో గ్రూప్ సాంగ్ ప్రాక్టీస్ చేయించినవాళ్లకు ఆ అక్షరాల విలువ చెప్పక్కర్లేదు. దాదాపు 200 మంది శిష్యులు ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఆయన వయొలిన్ పాఠ్యపుస్తకం 1830ల మొదట్లో అచ్చయింది.

డోరెట్ 1834 నవంబరు 20న కాసెల్‌లో చనిపోయింది. వయసు 46. అప్పుడు ష్పోర్ క్రీస్తు చివరి ఘడియల మీద పెద్ద ఒరటోరియో రాస్తున్నాడు. పని ఆగిపోయింది. తర్వాత ఎలాగో పూర్తి చేసి, 1835 గుడ్ ఫ్రైడే నాడు వినిపించాడు. మర్నాడు ఏడాది మరియానే ఫైఫర్ అనే పియానిస్టును పెళ్లి చేసుకున్నాడు. ఆమెతో వాయించడానికి వయొలిన్, పియానోలకు రాశాడు. హార్ప్‌కు మళ్లీ అంతగా రాయలేదు.

మిగిలిన ఏళ్లు పేరుతో పాటు చికాకులతోనూ గడిచాయి. కాసెల్ పాలకుడు సెలవు అడిగితే ఇచ్చేవాడు కాదు. 1842లో ఇంగ్లాండ్‌లోని నార్విచ్ ఉత్సవానికి ఆయన కొత్త రచన వెళ్లింది, ఆయన వెళ్లలేకపోయాడు. ఒకసారి అనుమతి లేకుండా వెళ్లినందుకు జీతం కోశారు. 1857లో ఇష్టం లేకుండానే పెన్షన్ ఇచ్చి పంపేశారు. అదే ఏడాది చివర పడిపోయి ఎడమచెయ్యి విరిగింది, వయొలిన్ వాయించడం అంతటితో ఆగిపోయింది. డెబ్భై మూడేళ్ల వయసులో ఆయనకూ వాద్యం చేజారింది. 1859 అక్టోబరు 22న కన్నుమూశాడు.

హార్ప్ సొనాటాల్లో మూడు, 113, 114, 115 నంబర్లవి, డోరెట్ పోయిన తర్వాతే అచ్చయ్యాయి. అవి బతికి ఉన్నన్నాళ్లూ ఆ ఇద్దరి సొంత సామానులా బండిలోనే తిరిగాయన్నమాట. ఇప్పుడు యూట్యూబ్‌లో సులువుగా దొరుకుతాయి. పిల్లలతో కలిసి వినాలంటే 114తో మొదలుపెట్టండి, దాని రెండో భాగంలో మొట్సార్ట్ మ్యాజిక్ ఫ్లూట్ ఒపెరా పాటల వరసలు వస్తాయి, పిల్లలకు చప్పున పట్టుబడతాయి. వింటున్నప్పుడు మీ దృష్టి సహజంగానే వయొలిన్ మీదికి పోతుంది, రాగం ఎక్కువగా దానిదే. రెండోసారి విన్నప్పుడు వయొలిన్‌ను పక్కన పెట్టి, కింద పరుగెత్తే హార్ప్‌ను మాత్రమే వినిపించుకోండి.